పేజీ నంబరు

బి.ఎస్సీ. అయ్యాక బి.డి.కి వచ్చాను.
మూడో ఏడు. నరసాపురం హాస్టల్లో కిటికీ పక్క మంచం,
దోమతెర లోపల టేబుల్ లైటు,
లైటు కింద గ్రీకు.
అనస్తాసిస్ అంటే పునరుత్థానం.
విడదీస్తే, లేచి నిలబడటం. అంతే.
ఆ అంతేకి నలభై పేజీలు రాస్తున్నాను.

శనివారాలు పంటు ఎక్కి
అవతలి లంకకి పరిచర్యకి పోతాను,
సైకిళ్ల మధ్య, అరటిగెలల మధ్య,
ఎవరిదో మేకపిల్ల నా నిఘంటువు అంచు నములుతుండగా.
అయ్యగారి భార్యని అమ్మగారంటారు అక్కడ.
అయ్యగారే ఆడమనిషైతే ఏమనాలో
లంకలో ఇంకా మాట పుట్టలేదు.
పిల్లలు టీచరంటారు. పెద్దవాళ్లు ఏమండీ అని ఊరుకుంటారు.
వల్లూరి దీవెనమ్మ ఒక్కతే
"ఇదుగో అయ్యగారూ" అని, నాలిక్కరుచుకుని,
మళ్లీ అదే అంటుంది.

ఆగస్టులో వరద తీశాక వెళ్తే
సమాధుల తోట సగమే ఉంది.
గట్టు తెగిన చోట
బల్ల మీద రొట్టె విరిచినట్టు గరుకుగా,
కొబ్బరి వేళ్లు గాలిలో వేలాడుతూ.
మోకాటిలోతు నీళ్లలో ఒక సిమెంటు సిలువ.
పేరు సగం కనిపిస్తోంది:
...రయ్య, నిద్రించిన తేదీ...

"మా జకరయ్యదండి.
తూర్పుకి కాళ్లు పెట్టి పాతామండి.
బూర ఊదగానే లేచి నిలబడితే
మొహం తిన్నగా ప్రభువు వైపుండాలని.
మరిప్పుడు ఏరు దొర్లించుకుపోయింది కదండి.
ఎటు తిరిగున్నాడో, అంతర్వేది దాటేశాడో.
మీరు పెద్ద చదువు చదువుతున్నారు కదా,
చెప్పండి."

నా దగ్గర ఉన్నాయి.
ఉపమానం అన్నవాళ్లు,
ఎక్కడో జర్మనీలో కూచుని ఉపమానం కాదన్నవాళ్లు,
దేహమా, ఆత్మదేహమా, దేహం లేని దేహమా,
అన్నీ నాలిక చివరికి తోసుకొచ్చాయి
పంటు ఒడ్డుకి తగలగానే జనం వచ్చినట్టు.
ఒక్కటీ దిగలేదు.

చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను.
సిలువ లాగాను. రాలేదు.
ఆమే దిగింది. డెబ్భై ఏళ్లు, ఒక కంట పువ్వు.
ఇద్దరం లాగాం. బురద వదల్లేదు, వదల్లేదు,
ఒక్కసారిగా వదిలింది.
వెల్లకిలా పడ్డాం ఇద్దరం, జుట్టునిండా ఒండ్రు.

అప్పుడు నవ్విందామె.
"పులస ఎక్కణ్ణుంచొస్తాదండి? సంద్రంలోంచే కదా.
ఎర్రనీరు కిందకి తోస్తా ఉంటే
అది మీదకే ఎదురీదుతాది.
నీ మొహం ఎటని దాన్నెవడన్నా అడిగాడా?
మా ఆయన పుట్టి బుద్ధెరిగి వలేసినోడు, దారి తెలుసు.
కాపోతే అండి..." గొంతు తగ్గించి,
"వస్తే వచ్చాడు గానీ
మళ్లీ ఆ చుట్టలు మొదలెడతాడేమో."

సిలువని వాళ్ల గోడకి చేరేశాం, కోళ్లగూడు పక్కన.

ఫీల్డువర్కు ఫారంలో గళ్లుంటాయి.
హాజరు: ఇద్దరం. ముగ్గురనాలా అని కాసేపు పెన్ను ఆపాను.
కానుక: కొబ్బరికాయలు రెండు.
ప్రసంగాంశం గడిలో
"విన్నాను" అని రాశాను.

థీసిస్ నాలుగో అధ్యాయంలో పులస మాట పెట్టాను.
కింద ఫుట్‌నోటు:
దీవెనమ్మ, వల్లూరి. మౌఖికం. లంక రేవు దగ్గర, తడిసి ఉండగా.
గైడు బొంతు ఎలీషా గారు మంచివారే.
ఆ "తడిసి ఉండగా" కొట్టేశారు.
మిగతా దానికి ఎర్రసిరాతో సున్నా చుట్టి
పక్కన చిన్నగా,
పేజీ నంబరు?

మొన్న శనివారం చూసొచ్చాను సార్.
గట్టు ఇంకో రెండు బారలు వెనక్కి జరిగింది.
మేం పడ్డ చోటు ఇప్పుడు నడిఏట్లో ఉంది.
ఆ పేజీ సముద్రం వైపు పోయిందండి.
ఎదురీది వచ్చాక
నంబరు వేస్తాను.